పెట్టె ఎక్కింది, పెట్టె దిగింది

సినిమాలో బొద్దుగా ఒకాయన, సన్నగా ఒకాయన పక్కపక్కన నిలబడితే చాలు, మనకు నవ్వొస్తుంది. ఇంకా ఒక్క మాట కూడా మాట్లాడరు. అయినా నవ్వొస్తుంది. రేలంగి గారు, రమణారెడ్డి గారు గుర్తున్నారా? రేలంగి బొద్దుగా ఉంటారు. రమణారెడ్డి వెదురు కర్రలా ఉంటారు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఇద్దరూ ఉన్నారు. గుడివాడ దగ్గర నిమ్మకూరులో పుట్టిన రామారావు గారు అందులో కృష్ణుడు. ఆ సినిమాలో మంచం గిర్రున తిరిగి శర్మ, శాస్త్రి గార్లను విసిరేస్తుంది. అది చూసి పిల్లలూ నవ్వుతారు, ముసలమ్మలూ నవ్వుతారు. అది అర్థం కావడానికి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

పడటం, లేవడం, జారడం, తడవడం, టోపీ ఊడటం. ఇలాంటి వాటితో నవ్వించే సినిమాలు ప్రపంచమంతా ఉన్నాయి. అందులో ఒక చిన్న సినిమా కథ ఈ పాఠంలో చదువుదాం. ఆ సినిమా పేరు మ్యూజిక్ బాక్స్. అంటే పాటల పెట్టె. అమెరికా దేశంలో తీశారు. 1932లో వచ్చింది. మొత్తం అరగంట కూడా ఉండదు. పొయ్యి మీద అన్నం ఎసరు పెట్టి, అది ఉడికి, వార్చేలోపు అయిపోతుంది.

1932 మనకూ గుర్తుండాల్సిన సంవత్సరమే. మొదటి తెలుగు మాటల సినిమా భక్త ప్రహ్లాద ఆ ఏడాది ఫిబ్రవరి 6న విడుదలైంది. అంతకుముందు వచ్చినవి మూగ సినిమాలు. బొమ్మ కదిలేది. మాట వినపడేది కాదు. ఏం జరుగుతోందో తెర మీద అక్షరాల్లో వేసేవారు. మరి చదువు రానివాళ్లు? తెర పక్కన ఒకాయన నిలబడి గట్టిగా కథ చెప్పేవాడు. ఆయన ఏం చెప్తే అదే కథ. ఒక అక్షరం ముక్క రానివాళ్లు ఆయన నోటి వైపు చూడాల్సిందే. కానీ తెర మీద ఎవరైనా అరటితొక్క మీద కాలేసి జారాడనుకోండి. అప్పుడు ఆయనతో పని లేదు. చదువుకున్న బాబూ, చదువుకోని అమ్మా ఒకేసారి నవ్వేవాళ్లు. నవ్వు సినిమాలు ఊరూరా తిరగడానికి అదొక కారణం.

తెలుగువాళ్లకు బొమ్మ కదలడం చూపించిన పెద్దమనిషి మన బందరు ఆయనే. పేరు రఘుపతి వెంకయ్య. 1869లో మచిలీపట్నంలో పుట్టారు. మద్రాసు వెళ్లి ఫొటో స్టూడియో పెట్టారు. 1910లో మద్రాసులో చిన్న చిన్న సినిమాలు ఆడించారు. బొమ్మతో పాటు గ్రామఫోను పలక తిప్పి పాట వినిపించే యంత్రం ఆయన దగ్గర ఉండేది. తరువాత డేరా కట్టుకుని బర్మా దాకా, సిలోను దాకా తిరిగారు. సిలోను అంటే ఇప్పటి శ్రీలంక. ఆయన కొడుకు రఘుపతి ప్రకాశ్ 1921లో భీష్మ ప్రతిజ్ఞ అనే మూగ సినిమా తీశారు. ఆ ప్రకాశ్ గారే 1940లో బారిష్టర్ పార్వతీశం అనే నవ్వు సినిమా కూడా తీశారు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి పుస్తకమే ఆ సినిమాకు కథ. వెంకయ్య గారు 1941లో చనిపోయారు. ఆయన పేరు మీద ప్రభుత్వం సినిమావాళ్లకు బహుమతి పెట్టింది.

ఇక మన పెట్టె కథకు వద్దాం.

సన్నటాయన పేరు స్టాన్ లారెల్. లావుపాటాయన పేరు ఆలివర్ హార్డీ. లారెల్ ఇంగ్లండులో 1890లో పుట్టాడు. నాటకాల వాళ్లతో కలిసి అమెరికా వచ్చాడు. అదే నాటకాల జట్టులో చార్లీ చాప్లిన్ కూడా ఉండేవాడు. హార్డీ అమెరికావాడు. 1892లో పుట్టాడు. పసివాడిగా ఉండగానే తండ్రి పోయాడు. తల్లి హోటలు నడిపి పిల్లల్ని పెంచింది. వచ్చేపోయే మనుషులు ఎలా కూర్చుంటారు, ఎలా కోప్పడతారు, ఎలా గొప్పలు పోతారు, ఇవన్నీ ఆ హోటల్లో కూర్చుని చూసేవాడట చిన్న హార్డీ. తరువాత అవన్నీ తెర మీద పనికొచ్చాయి. ఇద్దరూ కలిసి వందకు పైగా సినిమాల్లో వేశారు.

ఈ సినిమాలో వాళ్లిద్దరూ సామాను చేరవేసే కూలీలు. మన మిల్లుల దగ్గర ముఠా కూలీలు ఉంటారే, అలాంటివాళ్లే. వాళ్లకు ఒక గుర్రబ్బండి ఉంది. చేతిలో ఉన్న కాసిని డబ్బులు పెట్టి సొంతంగా వ్యాపారం మొదలుపెట్టారు. బండి మీద తమ పేర్లు రాయించుకున్నారు. 1931లో స్థాపించినది అని కూడా రాయించారు. అయితే ఇంగ్లీషులో ఒక చిన్న తప్పు పడింది. మాటలో రెండు అక్షరాలు ఎక్కువయ్యాయి. దాంతో 1931లో మునిగిపోయినది అని అర్థం మారిపోయింది! వ్యాపారం పెట్టిన రోజే మునిగిందన్నమాట. పాపం వాళ్లకు ఆ సంగతి తెలియదు. ఆ బోర్డు పెట్టుకునే ఊరంతా తిరుగుతున్నారు.

మన తెలుగులో కూడా అంతే కదా. ముందు అని రాయబోయి కొమ్ము మరిచిపోతే మందు అవుతుంది. ముందు డబ్బు కట్టాలి అని రాయాల్సిన చోట మందు డబ్బు కట్టాలి అని రాస్తే చదివినవాళ్లు ఏమనుకుంటారు?

ఒకావిడ తన భర్త పుట్టినరోజుకి పియానో కొనిపెట్టాలనుకుంది. ఆయనకు ముందు చెప్పలేదు. ఇంటికి వచ్చేసరికి చూసి ఆశ్చర్యపోవాలని ఆవిడ కోరిక. పియానో అంటే ఏమిటో చెప్పుకోవాలి. భజనల్లో హార్మోనియం పెట్టె చూశారు కదా. దానిలాగే దీనికీ తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఉంటాయి. కానీ ఇది బీరువా అంత ఉంటుంది. రెండు మూడు వందల కిలోల బరువు ఉంటుంది. అంటే మూడు నాలుగు వడ్ల బస్తాలు ఒకే మూటగా కట్టినట్టు. ఆవిడ కొన్నది దానంతట అదే వాయించుకునే పియానో. కొట్టువాడికి ఆవిడ చిరునామా చెప్పింది. ఇంటి నంబరు 1127, ఫలానా వీధి. లారెల్, హార్డీ పియానోను చెక్క పెట్టెలో పెట్టుకుని బయలుదేరారు.

దారిలో పోస్టుమాను కనిపించాడు. ఈ ఇల్లు ఎక్కడ అని అడిగారు. ఆయన చెయ్యెత్తి చూపించాడు. అదుగో, ఆ పైన.

చూస్తే నిట్రంగా మెట్లు. ఒకటి కాదు, రెండు కాదు, 133 మెట్లు. అవి సినిమా కోసం కట్టినవి కావు. లాస్ ఏంజిలిస్ అనే పట్టణంలో నిజంగా ఉన్న మెట్లే. బందరు నుంచి నాగాయలంక దాకా చూసినా మనకు కొండ అనేది లేదు. కాలువ గట్టు ఎక్కడమే మనకు ఎక్కడం. బెజవాడ దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కినవాళ్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చేతిలో కొబ్బరికాయ సంచి ఉంటేనే మధ్యలో రెండుసార్లు కూర్చుంటాం. వీళ్లు బీరువా అంత పెట్టె ఎక్కించాలి.

ముందు బండిలోంచి దించాలి. హార్డీ వంగి వీపు పెట్టాడు. పెట్టెను వీపు మీదకు జరిపేలోపు గుర్రం రెండడుగులు ముందుకు వేసింది. ఇంకేముంది, పెట్టె హార్డీ మీద పడింది. పెట్టె లోపల పియానో తీగలు ఘల్లుమన్నాయి. ఈ ఘల్లు చప్పుడు సినిమా అంతా వస్తూనే ఉంటుంది. పెట్టె కూడా నొప్పి పుట్టి మూలిగినట్టు ఉంటుంది.

ఎలాగో మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. లారెల్ ఒక వైపు, హార్డీ ఒక వైపు. కొంత దూరం పోయారు. పై నుంచి ఒక ఆయా పసిబిడ్డను తోపుడు బండిలో పెట్టుకుని దిగుతోంది. దారి ఇమ్మంది. ఇద్దరూ మర్యాదగా పక్కకు జరిగారు. పెట్టెను పట్టుకోవడం మరిచిపోయారు. పెట్టె మెట్టు మెట్టుకూ ఘల్లుమంటూ కిందికి పోయింది. రోడ్డు మీద ఆగింది. ఆయా పగలబడి నవ్వింది. లారెల్‌కు కోపం వచ్చి ఆమెను వెనక నుంచి తన్నాడు. ఆమె ఊరుకోలేదు. లారెల్‌కు ఒకటి తగిలించింది. అది చూసి హార్డీ నవ్వాడు. పాల సీసా తీసి హార్డీ నెత్తి మీద పగలగొట్టింది. తరువాత పోలీసు దగ్గరకు వెళ్లి చెప్పింది.

ఇక్కడ ఒక మాట. ఆడమనిషిని తన్నడం చూసి నవ్వమంటే మనకు నవ్వు రాదు. రాకపోవడమే న్యాయం. అయితే ఈ ఆయా ఏడుస్తూ ఇంటికి పోలేదు, చూశారా? పసిబిడ్డతో పని చేసుకునే కూలిమనిషి. నన్ను తన్నాడు అని నడివీధిలో చెప్పింది. పోలీసు విన్నాడు. వచ్చి ఇద్దరికీ బుద్ధి చెప్పాడు. ఎప్పటి సినిమా? 1932 నాటిది. ఇవాళ కూడా ఫిర్యాదు చెప్పడానికి స్టేషను గుమ్మం ఎక్కాలంటే ఎంతమందికి కాళ్లు వణుకుతాయో మనకు తెలుసు.

పోలీసు పిలిస్తే దిగి రావాలి కదా. దిగారు. దెబ్బలు తిన్నారు. ఈలోపు పెట్టె కూడా వాళ్ల వెనకే దిగి వచ్చింది! మళ్లీ మొదటి మెట్టు.

మళ్లీ ఎత్తారు. ఈసారి సగం పైకి వచ్చారు. అప్పుడు పై నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. నల్ల కోటు, ఎత్తు టోపీ. దారికి అడ్డం తీయండి అన్నాడు. పక్క నుంచి వెళ్లండి సారూ అన్నారు వీళ్లు. అంతే, ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. నేనెవరో తెలుసా అన్నాడు. తన పేరు చెప్పాడు. పేరు వెనక తన డిగ్రీలన్నీ వరసగా చదివాడు. ఒక డిగ్రీ కాదు, రెండు కాదు. ఊపిరి తిప్పుకోకుండా చదువుతూనే ఉన్నాడు. అంత చదివినవాడు పక్కకు తిరిగి నడవడమా అని ఆయన బాధ. లారెల్ ఆయన టోపీ మీద ఒక్కటిచ్చాడు. టోపీ ఎగిరి, మెట్లన్నీ దొర్లి, రోడ్డు మీద పడింది. అటుగా వచ్చిన లారీ దాని మీద నుంచి పోయింది. టోపీ అప్పడం అయింది.

ఈ సినిమా మొత్తంలో చూసేవాళ్లు ఎక్కువ నవ్వే చోట్లలో ఇదొకటి. ఎందుకో ఆలోచించండి. కూలీలు పడితే మనకు నవ్వు వస్తుంది, కానీ అయ్యో అని కూడా అనిపిస్తుంది. టోపీ పడితే అయ్యో అనిపించదు. వేలిముద్ర వేసే రోజుల్లో కౌంటరు దగ్గర నిలబడితే కొందరు బాబులు ఎలా చూసేవారో తెలిసినవాళ్లకు ఈ టోపీ ఎందుకు ఎగరాలో వేరే చెప్పక్కర్లేదు. చదువుకున్నవాళ్లను ఎగతాళి చేయడం కాదు ఇది. డిగ్రీలు ఎన్ని ఉన్నా, బరువు మోసేవాడికి దారి ఇవ్వాలన్న చిన్న సంగతి ఆ పెద్దమనిషికి తెలియలేదు.

పెట్టె మళ్లీ జారింది. ఈసారి హార్డీని కూడా వెంట ఈడ్చుకుపోయింది. లావుపాటి మనిషి, పెట్టె వెనక, మెట్టు మెట్టుకూ తగులుకుంటూ! మళ్లీ ఎత్తారు. మళ్లీ మోశారు. చెమటలు కారిపోతున్నాయి. చివరికి ఎలాగైతేనేం, 133 మెట్లూ ఎక్కేశారు. ఇంటి గుమ్మం దాకా వచ్చారు. హార్డీ ఇంటి ముందున్న చిన్న నీళ్ల కొలనులో కూడా పడ్డాడు. సరే, అదీ అయింది.

అప్పుడు పోస్టుమాను వచ్చాడు. వాళ్ల అవతారం చూశాడు. ఇదేంటయ్యా, మెట్ల మీద మోసుకొచ్చారా, అటు నుంచి కొండ చుట్టూ రోడ్డు ఉంది కదా, బండి ఇంటి దాకా వచ్చేది అన్నాడు.

ఇప్పుడు వాళ్లు ఏం చేశారనుకుంటున్నారు? పెట్టె ఎలాగూ పైకి వచ్చింది. లోపల పెట్టేస్తే సరిపోతుంది. మామూలు మనుషులైతే అదే చేస్తారు. లారెల్, హార్డీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ సంగతి ముందే ఎందుకు తోచలేదబ్బా అనుకున్నారు. పెట్టెను మళ్లీ ఎత్తుకుని 133 మెట్లూ దించారు! బండిలో పెట్టారు. రోడ్డు మీద నుంచి తోలుకుంటూ పైకి వచ్చారు. ఇది చదువుతుంటే మీకు నవ్వొచ్చిందంటే, సినిమా చూస్తే కడుపు పట్టుకుంటారు.

వాళ్లు చిరునామా చదవలేదా? చదివారు. అడగలేదా? అడిగారు. కానీ ఇల్లు ఎక్కడ అని అడిగారు, బండి దారి ఎటు అని అడగలేదు. బస్సు ఎక్కేటప్పుడు మనకూ ఇది అనుభవమే. విజయవాడ నుంచి అవనిగడ్డ రావాలి. బోర్డు మీద అవనిగడ్డ అని చదివి ఎక్కేస్తాం. కింద చిన్న అక్షరాల్లో కరకట్ట మీదుగా అని ఉంటుంది. అది చదవం. మనం దిగాల్సిందేమో చల్లపల్లిలో. బస్సు ఎంత దూరం పోయినా మనకు తెలిసిన ఊళ్లు రావు. ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దారి పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంట్లో ఎవరూ లేరు. పెట్టెను మేడ మీద నుంచి లోపలికి దించాలని కప్పీ కట్టారు, తాడు లాగారు. అక్కడ ఎన్ని పాట్లు పడ్డారో అన్నీ రాయాలంటే ఇంకో పుస్తకం కావాలి. తడిసిపోయారు. టోపీలు మారిపోయాయి. ఇల్లంతా నీళ్లు, చెత్త. ఎట్టకేలకు పియానోను గదిలో నిలబెట్టారు. మీట నొక్కితే అది వాయించడం మొదలెట్టింది. అప్పుడు ఇద్దరూ ఒక పని చేశారు. ఇల్లు శుభ్రం చేస్తూ చేస్తూ ఆ పాటకు డాన్సు చేశారు. ఇంతసేపు పడినవాళ్లు, తన్నులు తిన్నవాళ్లు, ఇప్పుడు ఎంత తేలిగ్గా అడుగులు వేస్తారో! నాట్లు వేసి వచ్చిన సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని ఎవరో పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడం లేదూ, అలా ఉంటుంది.

అంతలో ఇంటి యజమాని వచ్చాడు. ఎవరు? టోపీ పోగొట్టుకున్న ఆ డిగ్రీల పెద్దమనిషే! పైగా ఆయనకు పియానో అంటే పరమ అసహ్యం. గొడ్డలి తెచ్చి పియానోను నరకడం మొదలుపెట్టాడు. మధ్యలో పియానో అమెరికా జాతీయగీతం వాయించింది. వెంటనే ముగ్గురూ నిటారుగా నిలబడి వందనం చేశారు. గీతం అయిపోగానే ఆయన మళ్లీ గొడ్డలి ఎత్తాడు!

భార్య వచ్చింది. ముక్కలైన పియానోను చూసి గొల్లుమంది. నీ పుట్టినరోజుకి కొన్నానయ్యా అంది. అప్పుడు ఆయన ముఖం చూడాలి. ఆవిడ డబ్బు, ఆవిడ ముచ్చట, రెండూ గొడ్డలి పాలయ్యాయి. అడగకుండా నరికాడు కదా. కూలీలు దారి అడగకపోతే వాళ్లకు 133 మెట్లు పెరిగాయి. ఇంటాయన సంగతి అడగకపోతే ఆయన ఇంట్లో పియానో పోయింది. ఆయన కూలీలకు క్షమాపణ చెప్పాడు.

ఈ సినిమాకు 1932లోనే అమెరికాలో ఆస్కార్ బహుమతి ఇచ్చారు. చిన్న నవ్వు సినిమాలకు ఆ బహుమతి ఇవ్వడం అదే మొదటిసారి. 1997లో, కలకాలం దాచుకోవాల్సిన సినిమాల జాబితాలో అక్కడి ప్రభుత్వం దీన్ని చేర్చింది. హార్డీ 1957లో పోయాడు. లారెల్ 1965లో పోయాడు. ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మెట్ల దగ్గర ఈ సినిమా పేరుతో పలక పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో ఎక్కి ఆయాసపడుతూ దిగుతుంటారు.

సినిమా ఇంకా కొంచెం ఉంది. సామాను ముట్టినట్టు రసీదు మీద సంతకం కావాలి కదా. కూలీలు కాగితం చాపారు. పెద్దమనిషి మెత్తబడి, సంతకం పెడతాను ఇవ్వండి అన్నాడు. హార్డీ కలం ఇచ్చాడు. అన్ని డిగ్రీలు చదివిన చెయ్యి అది, ఎన్ని వేల సంతకాలు పెట్టిందో! కాగితం మీద కలం పెట్టేసరికి సిరా చివ్వున చిమ్మి ఆయన ముఖమంతా నల్లగా అయింది. ఇద్దరూ పరుగు లంకించుకున్నారు.

మీరు రాయండి: మీ ఇంటికి ఎవరో బండిలో బీరువా తెస్తున్నారు. వాళ్లకు మీ ఊరు కొత్త. పోస్టుకార్డు మీద మీ చిరునామా రాయండి. కింద రెండు మాటలు, బండి ఎటు నుంచి రావాలో కూడా రాయండి. సంతకం చేయండి.